ఇల్లు అమ్ముతున్నారు, మేము ఎప్పుడు కదలాలి?

హైదరాబాదు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 41 ఏళ్ళు, ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చూస్తారు. భర్తది మందుల పంపిణీ సంస్థలో ఉద్యోగం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 76 వేలు. ఇంట్లో 78 ఏళ్ళ అత్తగారు, పదో తరగతి చదువుతున్న కొడుకు ఉన్నారు. మల్కాజిగిరి వైపు ఒక పాత అపార్టుమెంటు మూడో అంతస్తులో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నారు. పిల్లవాడు ఒకటో తరగతిలో చేరిన ఏడు ఆ ఇంట్లో పాలు పొంగించారు.

ఇంటాయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి నెలా అద్దె చేతికిస్తే ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి సంతకం చేసేవారట. మూడేళ్ళ కిందట పోయారు. ఆ తర్వాత అద్దె ఆయన భార్య బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఆమెను వీరు పిన్నిగారు అని పిలుస్తారు. ఇప్పుడామె రాజమహేంద్రవరంలో కూతురి దగ్గర ఉంటున్నారు. కొడుకు అమెరికాలో. దీపావళి దాటిన వారానికి వాచ్‌మన్ "మీ ఫ్లాటు అమ్మకానికి పెట్టారటగా అమ్మా" అన్నప్పుడే వీరికి సంగతి తెలిసింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం బ్రోకరు మనుషులను వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఒకసారి భోజనం చేసి పడుకున్న అత్తగారి మంచం పక్కనే నిలబడి, వచ్చినాయన గోడ మీద వేళ్ళతో తట్టి చూసి "ఇది పడగొడితే హాలు పెద్దదవుతుంది" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక అత్తగారు, "మనల్ని ఎప్పుడు పొమ్మన్నారమ్మా?" అని అడిగారు.

పిన్నిగారి కొడుకు ఫోను చేసి సంక్రాంతికల్లా ఖాళీ చేయమన్నాడు. అడ్వాన్సులో రంగుల ఖర్చు పట్టుకుంటానన్నాడు. కాదంటే 68 లక్షలకు మీరే కొనుక్కోండి అన్నాడు. బావగారేమో "మూడు లక్షలు ఇస్తే తప్ప కదలకండి, అద్దె చట్టం మీ వైపే ఉంది" అంటున్నారు. భర్త ఏమీ మాట్లాడటం లేదు. తొమ్మిదేళ్ళ నాటి పదకొండు నెలల అద్దె ఒప్పందం ఒకటే కాగితం. అందులో అడ్వాన్సు 33 వేలు అని ఉంది, ఆ తర్వాత తిరగరాసుకోలేదు. ఇప్పుడు అద్దె 18 వేలు. చివర్లో ఆమె ఇలా అడిగారు: "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పరాయి ఇంటి మీద ఇంత మమకారం పెంచుకోవడం నా తప్పేనా?"

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్నకు చెబుతాను. తప్పు కాదు. పిల్లవాడు అక్షరాలు దిద్దిన ఇల్లు అది. ఆస్తి పరాయివాళ్ళది, అందులో గడిచిన తొమ్మిదేళ్ళు మీవి. వాచ్‌మన్ నోట వినడం దగ్గరే మీకు ఎక్కువ గాయమైందని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. ఆ మాట పిన్నిగారి నోటి నుంచి వచ్చి ఉంటే మీరు ఇప్పటికి సగం సామాను మనసులోనే సర్దేసుకుని ఉండేవారు.

ఇల్లు అమ్మడం, మీరు ఖాళీ చేయడం రెండూ ఒకే వార్తగా మీ చెవిన పడ్డాయి. అవి రెండు వేరు సంగతులు. ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దయిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను ప్రకారం కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. ఆయనకున్న హక్కులే వారికీ ఉంటాయి. అంటే రిజిస్ట్రేషను అయిన మర్నాడు తాళాలు ఇచ్చేయాల్సిన పని లేదు. అమ్మినట్టు మీకు తెలియక పాత యజమానికే ఒక నెల అద్దె కట్టినా, అది మళ్ళీ కట్టమని ఎవరూ అడగలేరు.

అయితే దీన్ని మించిన ధైర్యం చట్టం ఇస్తుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. మీ ఒప్పందం గడువు ఎప్పుడో తీరింది కాబట్టి మీది నెలవారీ అద్దె కింద లెక్క. అలాంటి అద్దెను ముగించడానికి అదే చట్టం 106వ సెక్షను అడిగేది పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు మాత్రమే. బావగారు చెప్పే అద్దె చట్టం 1960 నాటిది. హైదరాబాదు వంటి కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు అది వర్తించదు. మీరు కడుతున్నది 18 వేలు. ఆయన మీ మేలు కోరే చెప్పారు, కానీ ఆ గొడుగు మీ మీద లేదు.

నోటీసు గడువు తీరినా మిమ్మల్ని బలవంతంగా బయటికి పంపే అధికారం మాత్రం ఎవరికీ లేదు. తాళం వేయడం, కరెంటు తీయించడం, సామాను మెట్ల మీద పెట్టడం కుదరవు. దానికి కోర్టు ఉత్తర్వు ఉండాలి. చట్టం దారి తప్పి ఎవరైనా వెళ్ళగొడితే, ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందే వీలు 1963 నాటి ప్రత్యేక ఉపశమన చట్టం ఆరో సెక్షనులో ఉంది. కాబట్టి ఫోనులో చెప్పిన సంక్రాంతి గడువు ఆ కుర్రవాడి కోరిక. కోరికకు జవాబు ఇవ్వవచ్చు, బేరమాడవచ్చు.

ఆ గడువు అతనికైనా ఎంత వీలో ఒకసారి చూడండి. ఇంటాయన వీలునామా రాయకుండా పోయి, ఆ ఫ్లాటు ఆయన స్వార్జితమైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురికి సమాన వాటాలు వస్తాయి. ముగ్గురూ సంతకం పెట్టాలి, లేదా తమ వాటా వదులుకుంటూ రిజిస్టరు చేసి ఇవ్వాలి. కొడుకు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇక్కడికి వచ్చిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించాలి. కొనేవారు బ్యాంకు అప్పు తీసుకుంటే బ్యాంకు లాయరు ఈ కాగితాలన్నీ చూస్తాడు, విలువ కట్టే మనిషి వస్తాడు. పైగా సంక్రాంతి పుష్యమాసంలో వస్తుంది. ఆ నెలలో మీ అత్తగారు పాలు పొంగించనివ్వరు, కొనేవారు గృహప్రవేశమూ పెట్టుకోరు. వాళ్ళూ మాఘం కోసమే చూస్తారు. వారసుల కాగితాల సంగతి నేను చెప్పింది అడ్డం తిరగడానికి ఆయుధంగా కాదు. మీ చేతిలో ఉన్న సమయం మీరు భయపడుతున్నంత తక్కువ కాదని తెలియడానికి.

అతను ఎందుకింత తొందరపెడుతున్నాడో కూడా ఊహించగలను. పన్నెండేళ్ళు ఉంటే అద్దెకున్నవాళ్ళకే ఇల్లు దక్కుతుందని ఒక భయం మన యజమానుల్లో బలంగా ఉంది. అద్దె కడుతూ, యజమాని అనుమతితో ఉన్నవారికి ఆ హక్కు రాదు. అయినా తొమ్మిదేళ్ళు అనేసరికి దూరాన ఉన్న మనిషికి గుబులు పుడుతుంది. మీరు ఒక తేదీ చెప్పి, ఆ తేదీకి ఖాళీ చేస్తామని రాసిస్తే ఆ గుబులు పోతుంది. మీకు కావలసిన గడువు అడగడానికి అదే సరైన తలుపు.

మీ జాగాలో నేనుంటే ఏప్రిల్ నెలాఖరు అడిగేదాన్ని. పదో తరగతి పరీక్షలు మార్చిలో మొదలవుతాయి. అవి అయిపోయాక పది రోజులు సర్దుకోవడానికి, పది రోజులు ఇల్లు వెతుక్కోవడానికి. దానికి బదులుగా మీరు ఇవ్వగలిగింది చాలా ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంచి చూపించడం, చెప్పిన వేళకు తలుపు తీయడం, తేదీ తప్పకుండా తాళాలు అప్పగించడం. మనుషులున్న ఇల్లు మర్యాదగా చూపిస్తే దానికి వచ్చే ధర వేరు, మొహం ముడుచుకుని చూపిస్తే వచ్చేది వేరు. అది బ్రోకరుకు బాగా తెలుసు. కొనేవారు అద్దె కోసమే కొనే మనిషైతే మిమ్మల్నే ఉండమనవచ్చు కూడా. కాకపోతే అద్దె పెంచుతారు. వచ్చేవారిని "మీరు ఉండటానికా, అద్దెకివ్వడానికా?" అని సూటిగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

వాళ్ళు ఏప్రిల్ దాకా ఒప్పుకోకపోతే మాఘం చివరకు, అంటే ఫిబ్రవరికి బేరం కుదరవచ్చు. పరీక్షల ముందు ఇల్లు మారడం కష్టమే, కానీ జరగనిది కాదు. అదే బడికి నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు దొరికితే పిల్లవాడు మూడు రోజుల్లో సర్దుకుంటాడు. అలాంటప్పుడు చివరి నెల అద్దె మాఫీ అడగండి. తొందర వాళ్ళది అయినప్పుడు ఖర్చులో భాగం వాళ్ళు భరించడం న్యాయం. ఏది కుదిరినా కాగితం మీద ఉండాలి. ఖాళీ చేసే తేదీ, అప్పటిదాకా ఇదే అద్దె, అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజు అన్నీ రాసి, పిన్నిగారి సంతకం, కొడుకు నుంచి కనీసం ఒక సందేశం తీసుకోండి.

ఆదివారాల గురించి మాత్రం నాకు కోపం వచ్చింది. పెళ్ళిచూపులకు వచ్చినవారైనా పడుకున్న పెద్దావిడ గదిలోకి అడుగుపెట్టే ముందు ఆగుతారు. యజమానికి ఇల్లు చూసుకునే హక్కు ఉంది, సమంజసమైన వేళల్లో చూడనివ్వాల్సిన బాధ్యత మీకుంది. ఆ 'సమంజసమైన' అనే మాట చట్టంలోనే ఉంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలని రాశారు. రాష్ట్రం చేసుకుంటేనే అది అమలవుతుంది, కానీ మర్యాద ఏమిటో చెప్పడానికి పనికొస్తుంది. బ్రోకరుకు ఇలా సందేశం పంపండి: "ఆదివారం ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు చూపిస్తాము. ముందు రోజు సాయంత్రంలోగా ఎంతమంది వస్తారో చెప్పాలి. పెద్దావిడ గది చివర్లో, ఆమె లేచి హాల్లో కూర్చున్నాక చూపిస్తాము. ఫోటోలు తీయకూడదు." పదో తరగతి పిల్లవాడు ఆ రెండు గంటలు స్నేహితుడి ఇంట్లో చదువుకుంటాడు. బంగారం, కాగితాలు ఉన్న బీరువాకు తాళం వేసుకోండి. గోడ పడగొట్టే మాటలు మీ అత్తగారి ముందు మాట్లాడవద్దని వచ్చినవారికి గుమ్మం దగ్గరే చెప్పండి. చెప్పవచ్చు. ఆ గుమ్మం ఇంకా మీదే.

అడ్వాన్సు సంగతి. ఆ పాత ఒప్పందం, నోటుపుస్తకం, బ్యాంకు ఖాతా చీటీలు ఈ రోజే ఫోటోలు తీసి రెండు చోట్ల దాచండి. ఇంటాయన ప్రతి నెలా పెట్టిన ఆ సంతకాలు, ఆయన లేకపోయినా మీ తరఫున మాట్లాడే సాక్ష్యం. ఒప్పందంలో రంగుల ఖర్చు గురించి ఏమైనా రాసి ఉందో చూడండి. రాసి ఉంటే ఆ మేరకు ఒప్పుకోక తప్పదు. లేకపోతే, తొమ్మిదేళ్ళ వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల మీ ఖాతాలో వేయకూడదనే చట్టం కూడా చెబుతుంది. మన ఊళ్ళలో ఒక నెల అద్దె పట్టుకోవడం అలవాటైపోయిందన్నది నిజమే. కానీ గోడే పడగొట్టబోయే ఇంటికి రంగులెందుకు? ఈ ఒక్క మాట మెత్తగా అడిగి చూడండి. చివరికి ఐదారు వేల దగ్గర తేలితే ఒప్పేసుకోండి, దానికోసం నెల రోజుల ప్రశాంతత పోగొట్టుకోకండి. ముఖ్యమైనది వేరే ఉంది. అడ్వాన్సు పాత యజమానులు ఇస్తారా, కొనేవారికి బదిలీ చేస్తారా అన్నది రిజిస్ట్రేషనుకు ముందే రాయించుకోవాలి. తర్వాత అడిగితే ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు. అలాగే "ఇల్లు మేము కొన్నాం, ఇక అద్దె మాకు వేయండి" అని ఎవరైనా వస్తే, రిజిస్టరైన దస్తావేజు నకలు, పిన్నిగారి ఉత్తరం చూడనిదే ఒక్క రూపాయి పంపకండి.

ఇక కొనడం. ఈ మాట మీ నిద్ర పోగొట్టిన వాటిలో ఒకటని నాకనిపిస్తోంది, ఎందుకంటే మీరు దాని గురించి ఒక్క వాక్యమే రాసి దాటేశారు. 68 లక్షల ఇంటికి బ్యాంకు గరిష్ఠంగా ఎనభై శాతం అప్పిస్తుంది, అంటే 54 లక్షలు. మిగిలిన 14 లక్షలు మీవి. రిజిస్ట్రేషను ఖర్చు దాదాపు ఏడున్నర శాతం, అంటే మరో ఐదు లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పు అయితే నెల వాయిదా సుమారు 47 వేలు. మీ ఇద్దరి రాబడిలో నూటికి అరవై పైమాటే. కొడుకు ఇంటర్లో చేరబోతున్నాడు, అత్తగారి మందులున్నాయి. పాత భవనమంటే లిఫ్టు, నీళ్ళ ట్యాంకు, పైకప్పు మరమ్మతులు కూడా మీ నెత్తికే వస్తాయి. మీకు ఎక్కడైనా స్థలముండి అమ్మగలిగితే, పుట్టింటివారో అత్తింటివారో వడ్డీ లేకుండా పాతిక లక్షలు సర్దగలిగితే ఆలోచించండి. అప్పుడు కూడా వారసులందరి సంతకాలు, ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), భూమిలో అవిభాజ్య వాటా ఒక లాయరుకు చూపించాకే బయానా ఇవ్వండి. బంగారమంతా అమ్మి, మిగిలింది చేబదుళ్ళతో కడదామంటే మాత్రం, ఇల్లు నిలబడుతుంది గానీ మీరిద్దరూ నిలబడలేరు. మీ ఆయన మౌనం వెనుక ఈ లెక్కే ఉండవచ్చు. కొనలేనని భార్యకు చెప్పడం చాలామంది మగవాళ్ళకు గొంతు దాటని మాట. ఒక రాత్రి పిల్లవాడు పడుకున్నాక ఈ అంకెలు ఇద్దరూ కలిసి కాగితం మీద వేసుకోండి. ఆయన నోరు అక్కడ తెరుచుకుంటుందని నా నమ్మకం.

బావగారి దారి కూడా ఉంది, దాచను. కదలనంటే వాళ్ళు దావా వేయాలి, అది ఏళ్ళు పట్టవచ్చు. అంతకాలం ఇంట్లో ఉండగలరు. కానీ గడువు తీరాక ఉన్న కాలానికి అద్దె కంటే ఎక్కువ నష్టపరిహారం కోర్టు వేయవచ్చు. లాయరు ఖర్చు మీది. పరీక్షల నెలల్లో ఇంట్లో వాయిదాల మాటలే వినిపిస్తాయి. పిన్నిగారిని మళ్ళీ మీరు పిన్నిగారూ అని పిలవలేరు. మూడు లక్షలు వచ్చినా సరే, ఆ డబ్బుతో మీకు నిద్ర పడుతుందా అన్నది నాకంటే మీకే బాగా తెలుసు. వాళ్ళు అడ్వాన్సు ఎగ్గొట్టినా, బలవంతానికి దిగినా అప్పుడు న్యాయం కోసం వెనుకాడకండి. లాయరు నోటీసు వస్తే భయపడి దాచేయకుండా జవాబు ఇవ్వాలి. ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా చేతిలో లక్ష రూపాయలు విడిగా పెట్టుకోండి. కొత్త ఇంటి అడ్వాన్సు ముందు కట్టాలి, పాతది చివర్లో వస్తుంది. మధ్యలో మొదటి నెల అద్దె, బ్రోకరు రుసుము, సామాను బండి. గ్యాసు, ఆధారు, ఓటరు కార్డుల చిరునామాలు తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు.

మీ అత్తగారి గురించి మీరు రాసిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. చూపు మందగించిన ఆమె రాత్రి బాత్రూముకు వెళ్ళేటప్పుడు ముందు ఫ్రిజ్ మీద చెయ్యి వేసి, తర్వాత గుమ్మం చెక్క తడుముకుని, స్విచ్‌బోర్డు తగలగానే ఎడమకు తిరుగుతారని రాశారు. లైటు కూడా వేయరట. ఆమె ఆ ఇంటిని కళ్ళతో కాదు, అరచేతితో చూస్తున్నారు. కాబట్టి కొత్త ఇల్లు వెతికేటప్పుడు మిగతా అన్నిటికంటే ముందు ఆమె మంచం నుంచి బాత్రూముకు దారి చూడండి. మధ్యలో గడప ఎత్తుగా ఉండకూడదు, గోడ వెంట పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. కుదిరితే ఫ్రిజ్‌ను అక్కడా ఆమె గది పక్కనే పెట్టండి. సామాను వెళ్ళకముందే ఒక సాయంత్రం ఆమెను తీసుకెళ్ళి ఆ దారిలో నాలుగైదుసార్లు నడిపించండి. "ఎప్పుడు పొమ్మన్నారు" అని ఆమె అడిగితే, "మనం ఏప్రిల్లో వెళ్దామనుకుంటున్నాం అత్తయ్యా, మీరు ఒకసారి ఇల్లు చూసి సరే అనాలి" అని చెప్పండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పిన్నిగారికి మీరే ఫోను చేయండి. బేరం మాటలు ఆ రోజు వద్దు. వాచ్‌మన్ చెబితే తెలిసిందని, బాధగా అనిపించిందని చెప్పండి. భర్త పోయాక ఆమె కూడా ఆ ఇంటిని వదులుకుంటోంది. అమ్మకం ఆమె నిర్ణయమో, పిల్లల నిర్ణయమో, మీకు చెప్పడానికి ముఖం చెల్లలేదో మనకు తెలియదు. ఆ నోటుపుస్తకం మీ దగ్గర భద్రంగా ఉందని, ఆయన సంతకాలు అందులో ఉన్నాయని చెప్పండి. ఫోటోలు తీసుకున్నారు కదా, వెళ్ళేనాడు అడ్వాన్సు చేతికి వచ్చాక ఆ పుస్తకం ఆమెకే ఇవ్వాలనిపిస్తే ఇచ్చేయండి. ఈ ఆదివారం బ్రోకరు రాకముందే చేయండి ఆ ఫోను.